జేబులో నాలుగో మనిషి

ఆ రోజుల్లో నా అసలు ఉద్యోగం ఉలిక్కిపడటమేనేమో అనిపించేది. తెలంగాణ వచ్చిన నాలుగైదేళ్లకు పరీక్ష రాసి పంచాయతీ కార్యదర్శినయ్యాను. పేరు వింటే పెద్ద హోదాలా ఉంటుంది గాని, చేసే పని మురికి మోరీలు తీయించడం, మొక్కలకు నీళ్లు పోయించడం, నీళ్లు పోసినా చచ్చిన మొక్క ఎందుకు చచ్చిందో పైవాళ్లకు సంజాయిషీ చెప్పుకోవడం. నౌకరీ ఇంకా పర్మినెంట్ కాలేదు. ఫోన్ మోగితే గుండె గుభేలుమనేది, జీపు చప్పుడు వినబడితే కాళ్లు వాటంతటవే మోరీ వైపు పరిగెత్తేవి. మా అమ్మ వెనక నుంచి వచ్చి "చాయ్ తాగుతవారా?" అన్నా జానెడు ఎత్తు ఎగిరిపడేవాణ్ణి. ఇట్లాంటి మనిషికి లగ్గం చేయాలని మా ఇంటివాళ్లు కంకణం కట్టుకున్నారు. చూసిన సంబంధమల్లా ఏదో ఒక చోట తెగిపోయేది. ఒకచోట జాతకాలు కలవలేదు, ఇంకోచోట పర్మినెంట్ అయినంక రమ్మన్నారు. మరోచోట పిల్ల నాయనమ్మ నన్ను ఎగాదిగా చూసి, "పిల్లగాడు మంచోడే గాని ఎందుకో బెదిరినట్టున్నడు" అన్నదట. (నిజమే, బెదిరాను. అంతకు క్షణం ముందే ఆవిడ నా చెవి పక్కన తుమ్మింది.)

మా ఇంట్లో శకునాల వ్యవహారమంతా మా మేనత్త చేతిలో ఉండేది. ఊరంతా ఆమెను శకునాలత్త అనే పిలిచేది. మా నాయినకు అక్క. మామ పోయిన తర్వాత మా పక్కింట్లోనే ఉంటూ నన్ను సగం ఆమే పెంచింది. పిల్లి ఎదురైతే వెనక్కి వచ్చి నీళ్లు తాగి కూర్చునేది. బయలుదేరేటప్పుడు "ఎక్కడికి?" అని అడిగిన పాపానికి మా తాతను వారం రోజులు పలకరించలేదు. అన్నింటికంటే ఆమెకు పడనిది ముగ్గురు కలిసి శుభకార్యానికి పోవడం. "ముగ్గురు పోతే ముచ్చట తెగుతది" అనేది. తప్పనిసరై ముగ్గురే మిగిలితే ఒక రాయిని చేతబట్టుకుని పోవాలి. ఆ రాయే నాలుగో మనిషి. మా వైపు ఇప్పటికీ ఇది చాలా ఇళ్లల్లో ఉంది, చదువుకున్నవాళ్లు చెప్పుకోరు గాని వాళ్ల జేబులు తడిమి చూస్తే తెలుస్తుంది.

అప్పుడు వచ్చింది మహబూబ్‌నగర్ సంబంధం. పిల్ల ఒక హాస్టల్ బడిలో ఆటల టీచర్, కబడ్డీ ఆడేది. ఫోన్‌లో ఫోటో పంపారు. కప్పు పట్టుకుని, మోకాళ్లకు మన్ను అంటుకుని, ఎవరో ఏదో అంటే పగలబడి నవ్వుతున్న ఫోటో. సంబంధాల ఫోటోలలో పిల్ల నవ్వడం నేను చూడటం అదే మొదలు. అందరూ పడుకున్నాక ఒకసారి చూశాను, లేచాక ఒకసారి చూశాను, గ్రామసభ జరుగుతుంటే బల్ల కింద పెట్టుకుని కూడా చూశాను. ఈ సంబంధం తప్పిపోతే ఎట్లారా దేవుడా అని మొట్టమొదటిసారి భయమేసింది. అంతవరకు సంబంధాలు తెగితే లోలోపల హాయిగానే ఉండేది మరి.

అయితే పిల్ల ఒక షరతు పెట్టింది. "చీర కట్టి చాయ్ గిలాసలు పట్కొచ్చుడు నాతోని గాదు. చూడాల్నంటే పార్కుకు రమ్మనుండ్రి" అన్నదట. మహబూబ్‌నగర్‌కు కొంత దూరంలో గుట్టల నడుమ ఒక పార్కు ఉంది. చెరువు, చెరువు మీద తాళ్లతో కట్టిన ఊగే వంతెన, గుట్ట మీదికి నడకదారి, తాడుకు వేలాడుతూ ఈ గుట్ట నుంచి ఆ గుట్టకు జారిపోయే ఏర్పాటు. గేటు దాటగానే చుట్టుపక్కల ఊళ్లల్లో దొరికిన పాత విగ్రహాలు, వీరుల పేర నిలిపిన వీరగల్లులు పెట్టిన మూల ఒకటి. మా నాయిన విని, "పిల్లను చూసుడా, కోతులను చూసుడా?" అన్నాడు. శకునాలత్త మాత్రం ఒప్పుకుంది. పార్కులో చూస్తే సంబంధం తెగినా ఊళ్లో ఎవరికీ తెలియదు, నలుగురి నోళ్లల్లో పడం అని ఆమె లెక్క.

అమ్మకు మోకాళ్ల నొప్పులు, గుట్ట అనగానే రానంది. నాయిన, అత్త, నేను, మా అక్క మొగుడు, మొత్తం నలుగురం అనుకున్నాం. మేం ముగ్గురం బస్సులో, బావ బండి మీద నేరుగా పార్కుకు. (బస్సులో ముగ్గురం కదా అని నేను అడిగాను. "బస్సు నిండ మంది లేరా?" అని అత్త నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది.) ఎవరికీ అనుమానం రాకుండా మామూలుగా పార్కుకు వచ్చిపోయేవాళ్లలా ఉండాలని మాట. నాయిన ఇస్త్రీ ధోవతి, జరీ కండువా వేశాడు. అత్త పట్టుచీర కట్టి, కొప్పు నిండా పూలు పెట్టింది. టికెట్ల కిటికీ దగ్గర ఉన్నతను మమ్మల్ని కిందికీ మీదికీ చూసి "ట్రెక్కింగా అమ్మా?" అని అడిగాడు. అత్త తడబడి, "పిల్ల... నెమలిపిల్లలను చూడొచ్చినం" అంది. నాయిన బావను కూడా కలిపి నాలుగు టికెట్లు తీసుకున్నాడు.

గేటు లోపల నీడలో నిలబడ్డామో లేదో బావ ఫోన్. పొలం కాడ మోటరు కాలిపోయిందట, నీళ్లు ఆగిపోతే వరి ఎండుతుంది, రాలేనన్నాడు. నాయిన "పోనీతియ్" అన్నాడు. అత్త మొహం చూస్తే మోటరు కాదు, మా ఇల్లే కాలిపోయినట్టుంది. "ముగ్గురమైతిమి గదరా! గీడికొచ్చినంక ముగ్గురమైతిమి!" అంటూ చుట్టూ వెతికింది. పక్కనే ఇసుక పోసి, దాని మీద రకరకాల రాళ్లు పేర్చి ఉన్నాయి. బోర్డు లేదు, తాడు లేదు, మనిషి లేడు. పార్కువాళ్లు అందానికి పేర్చారనే ఎవరైనా అనుకుంటారు. అత్త వాటిని కూరగాయలు ఏరినట్టు ఏరింది. ఒకటి తీసి బరువు చూసి పెట్టేసింది, ఒకటి వంకరగా ఉందని పెట్టేసింది, చివరికి నున్నగా, నల్లగా, అరచేతికి సరిపోయే రాయిని చేపట్టి, "గిది ముద్దుగున్నది, మనిషసొంటి రాయి" అని నా ప్యాంటు జేబులో దూర్చింది. కొత్త ప్యాంటు, ఒంటికి అంటుకునే రకం. నడుము మీద నుంచి ఒక పక్కకు జారిపోయింది. "అత్తా, నేను సర్కారు మనిషిని, నాకివన్ని..." అన్నాను. "నీ సర్కారును ఇంటికాడ పెట్టు. మీ బావకు బదులొచ్చిండు గనుక గీయన నీకు బావే అయితడు. పనయ్యేదాంక కింద పెట్టినవో, సంబంధం గంగల కలిసినట్టే, చెప్తున్న!" అంది. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఫోటో గుర్తొచ్చింది. జేబు మీద చెయ్యి వేసి గట్టిగా పట్టుకున్నాను.

ఆ క్షణమే నెత్తి మీద నుంచి ఒక పెద్ద కేక, "జరగుండ్రీ...!" అని. తలెత్తి చూస్తే ఒక మనిషి గాల్లో వస్తోంది! నెత్తిన టోపీ, నడుముకు పట్టీలు, చున్నీ నడుముకు బిగించి, రెండు కాళ్లూ ముందుకు చాచి, తాడు మీద గుయ్యిమంటూ మా తలల మీదుగా దూసుకుపోయింది. నాయిన కండువా కింద పడింది. నేను ఎక్కడ కూలబడ్డానో నాకే తెలియదు. అత్త గుండెల మీద చెయ్యి వేసుకుని, "ఏ ఇంట్ల పడ్తదో గాని, గా ఇంటోళ్లను దేవుడే కాపాడాలె!" అంది. అటు పక్క దిగిన ఆ పిల్ల టోపీ తీసి, చెమట తుడుచుకుంటూ మా వైపు నడిచొచ్చి, "మీరేనా ఆంటీ, సంబంధంకని వచ్చింది?" అని అడిగింది. ఫోటోలో ఉన్న నవ్వే. అత్త నోరు తెరిచింది, మూసింది. అంతసేపు ఆమె నోట మాట రాకపోవడం మా వంశంలో ఎవరూ చూసి ఉండరు.

పిల్లతో ఇద్దరు వచ్చారు, వాళ్లమ్మ, మేనమామ. మేనమామ బస్సు కండక్టర్‌గా చేసి రిటైరైన మనిషి, మీసాలు, గొంతు రెండూ పెద్దవే. ఎవరితో మాట్లాడినా చిల్లర అడిగినట్టే మాట్లాడతాడు. పిల్ల వాళ్ల నాయన డ్రైవరట, పొద్దున్నే డ్యూటీ పడి రాలేకపోయాడట. వాళ్లమ్మ మర్యాదస్తురాలు గాని చంకలో ఉన్న సంచిని మాత్రం దించదు. "బరువైతున్నది గద వదినా, ఇటియ్యి, నేను పడ్త" అని అత్త చెయ్యి చాస్తే, ఆవిడ రెండడుగులు వెనక్కి వేసి, "వద్దు వద్దు, తినేటియున్నయి, గంతే" అంది. మనం నచ్చలేదు కాబోలు, మన చెయ్యి కూడా తగలనీయడం లేదని నాకు అప్పుడే సగం ప్రాణం పోయింది.

పెద్దలు చెరువు ఒడ్డునున్న గడ్డి పాకలో కూర్చున్నారు. మేమిద్దరం మాట్లాడుకోవాలి కాబట్టి "వంతెన మీదికి పోయి చెరువు చూసి రాండ్రి" అన్నారు. మాట్లాడుకోవడానికి భూమ్మీద జాగా కరువైందా చెప్పండి? అది తాళ్ల వంతెన. నేను ఒక అడుగు వేస్తే అది నాలుగడుగులు వేస్తుంది. రెండు చేతులతో పట్టుకుంటేనే దిక్కు లేదు, నాకేమో ఒక చెయ్యి జేబు మీద. రాయి ఊగినప్పుడల్లా ప్యాంటు జారుతోంది, ప్యాంటు పైకి లాగితే వంతెన ఊగుతోంది. పిల్ల మాత్రం వాకిట్లో నడిచినట్టు నడుస్తూ, నా వైపు తిరిగి, వెనక్కి వెనక్కి నడుస్తూ మాట్లాడుతోంది. "మీకు భయమా?" అని అడిగింది. లేదనబోయాను. వంతెన ఊగింది. "శాన భయం" అన్నాను. పిల్ల ఆగి, నవ్వి, "ఇంతకుముందు నన్ను చూడొచ్చినొకాయన ఏం భయం లేదన్నడు. నడిమిట్లకొచ్చినంక మోకాళ్ల మీద పాక్కుంట పోయిండు. భయముంటే తప్పేంది? అబద్ధమాడితెనే నాకు మంటొస్తది. నాకు ఉన్నదున్నట్టు చెప్పేటోళ్లు గావాలె" అంది. జేబులో ఉన్నదున్నట్టు చెబుదామా అనుకున్నాను. అంతలో చూద్దును గదా, ఒడ్డు మీద నుంచి అత్త కళ్లురిమి చూస్తోంది, నా చెయ్యి జేబు మీది నుంచి కాస్త జరిగినట్టుంది.

తిరిగి వచ్చేసరికి ఒడ్డున వాతావరణం మారిపోయింది. మేనమామ చెల్లెలి చెవిలో ఏదో అంటున్నాడు, అయితే ఆయన గుసగుస కూడా బస్సు చివరి సీటు దాకా వినబడే రకం. "పిల్లగానికి కాలు సక్కగ లేనట్టున్నదే. సూడు, ఎట్ల కుంటుతుండో! ఒక్క దిక్కే వంగుతుండు!" పార్కుకు నడిచొచ్చినవాణ్ణి కుంటివాణ్ణి చేసేశారు! నాయినకు కోపం వచ్చింది. "మా పిల్లగానికి ఏం రోగం లేదు" అన్నాడు. "అట్లయితే జర గా గుట్ట మెట్లెక్కి దిగి సూపియ్యి, పోతది గద పంచాయితీ" అన్నాడు మేనమామ. ఒకప్పుడు పిల్లను నడిపించి, జడ విప్పించి, పాట పాడించి చూసేవాళ్లట. ఆ పాపాలన్నీ కలిసి నా ఒక్కడి నెత్తిన పడ్డాయి. మెట్లెక్కాను. రాయి తొడకు కొట్టుకుంటుంటే ఎంత నిటారుగా నడవాలనుకుంటే అంత వంకరగా నడుస్తున్నాను. మీదికెక్కి చూస్తే పార్కుకు వచ్చిన వాళ్లంతా ఆగి నన్నే చూస్తున్నారు. దిగేటప్పుడు ఇంకా ఘోరం. మేనమామ "చెప్తిని గద!" అన్నట్టు మీసం దువ్వాడు. పిల్ల మాత్రం నా కాలు చూడటం లేదు, నా జేబు చూస్తోంది.

అప్పుడు మోగింది విజిల్. గేటు దగ్గర నుంచి వాచ్‌మన్ పరిగెత్తుకొస్తూ, "గేటు బందు! ఎవలు కదలొద్దు!" అని అరుస్తున్నాడు. వాడి వెనకే పార్కు మేడం, నడివయసు మనిషి, మొహం ఎర్రగా కందిపోయి ఉంది. పాక ముందు అందరినీ పోగుచేసి చెప్పింది. గేటు పక్కన పేర్చినవి ఉత్త రాళ్లు కావట, రైతులు పొలాలు దున్నుతుంటే దొరికితే తెచ్చి ఇచ్చిన ఆదిమానవుల పనిముట్లట. ఇనుమంటే ఏమిటో తెలియని కాలపు మనుషులు అరగదీసి చేసుకున్న గొడ్డళ్లు, నూరుకునే గుండ్లు. బోర్డులు రాయించేందుకు ఫోటోలు తీద్దామని ఇసుక మీద పేర్చి, కెమెరా తేవడానికి లోపలికి పోతే దాని చార్జింగ్‌కే గంట పైన పట్టిందట, వచ్చేసరికి రెండు లేవు. "వేల ఏండ్ల నాటి వస్తువులు. తీసినోళ్లు మర్యాదగ ఇస్తే సరి, లేకుంటే పోలీసులను పిలుస్త. గేటు కాడ అందరి సంచులు, జేబులు చూస్తరు" అంది.

వేల ఏండ్లు! అంత పెద్దమనిషిని పట్టుకుని నేను పొద్దటి నుంచి బావా అంటున్నాను! కళ్లముందు పేపరు కనబడింది, "పార్కులో రాయి కాజేసిన కార్యదర్శి" అని, పక్కన నా పాస్‌పోర్టు ఫోటోతో సహా. నౌకరీ పోతే పోయింది, పిల్ల ముందు దొంగనవుతానే! నా వెనకే చెరువు. రాయి జేబులోంచి తీసి వెనక్కి విసిరేస్తే ఎవరికీ తెలియదు. అత్త కూడా నా పక్కకు జరిగి చీర కొంగు అడ్డం పెట్టి, "ఓరి నాయినా, నీళ్లల్లెయ్యిరా!" అంది. మరుక్షణమే తలపట్టుకుని, "వద్దొద్దు, మనిషి గద! మనిషిని నీళ్లల్లేస్తమా?" అంది. ఆ ఆందోళనలో కూడా ఆమెకు నాలుగో మనిషి ప్రాణం మీద తీపి పోలేదు. నేను పిల్ల వైపు చూశాను. ఆమె నన్నే చూస్తోంది, నవ్వడం లేదు. వంతెన మీద అన్న మాట చెవుల్లో గింగురుమంది. ఎట్లాగూ పోయే సంబంధమే, కనీసం దొంగతనంతో పాటు అబద్ధం కూడా మూటగట్టుకోకుండా పోదామనుకున్నాను. "మేడం" అన్నాను. గొంతు పిల్లి అరిచినట్టు వచ్చింది. "ఒకటి నా దగ్గరున్నది."

జేబులోంచి తీయబోతే రాదే! బిగుతు ప్యాంటు. అందరూ చూస్తుండగా గింజుకుని, మెలికలు తిరిగి, చివరికి వాచ్‌మన్ సాయం పడితే బయటికి వచ్చింది. మేడం ఆ రాయిని చంటిపిల్లను అందుకున్నట్టు రెండు చేతులా అందుకుని, "ఇది జేబులో ఎందుకు పెట్టుకున్నరు?" అని అడిగింది. మా నాయిన ముందుకొచ్చి, చేతులు కట్టుకుని, చాలా మర్యాదగా, "రాయి గాదు మేడం. మా అల్లుడు" అన్నాడు. నాయిన కండువా ముడి విప్పి నాలుగో టికెట్ తీసి చూపించాడు. "దొంగతనంగ తేలేదు. గీయనకు టికెట్ గూడ తీసుకున్నం."

మేడం ఆ టికెట్ అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. నేను జరిగిందంతా చెప్పుకొచ్చాను. ముగ్గురం, మోటరు, బావ, అన్నీ. చెబుతున్నకొద్దీ నాకే నమ్మబుద్ధి కాలేదు. మేనమామ ఇంక ఆగలేదు. "రాళ్లు ఎత్కపోయే ఇంటికి పిల్లనిస్తమా? శకునాల పిచ్చోళ్లు! ఏ కాలంల ఉన్నరయ్యా మీరు? పా చెల్లె, పోదం!" అని చెల్లెలి చంకలో ఉన్న సంచిని విసురుగా లాగాడు. సంచి ఆయన అనుకున్నంత తేలిగ్గా లేదు. పిడి పుటుక్కున తెగింది. రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు నాలుగు దిక్కులా దొర్లాయి, కరకరలాడే చేగారెలు పడ్డాయి. వాటి నడుమ దబ్బుమని, పసుపు గుడ్డలో చుట్టిన ఒక గుండ్రాయి వచ్చి సరిగ్గా మేనమామ కాలి బొటనవేలి మీద పడింది.

ఆయన ఒంటికాలి మీద గెంతుతుంటే (ఇప్పుడెవరికి కాలు సక్కగ లేదు?) పిల్ల వాళ్లమ్మ మొహం తెల్లబోయింది. మేడం గుడ్డ విప్పింది. అదే, పోయిన రెండోది. బొట్టు కూడా పెట్టి ఉంది! "ఇదెవరమ్మా?" అని మేడం నీరసంగా అడిగింది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తల దించుకుని, "మా ఇంటాయన" అంది. డ్యూటీ పడి వాళ్లాయన రాలేదు కదా, వాళ్లూ ముగ్గురే అయ్యారు. మాకన్నా ముందు వచ్చి, అదే ఇసుక మీద, అట్లాగే ఏరుకుంది. ఎవరికీ చెప్పలేదు. శకునాలత్త కళ్లు ఇంతింత చేసుకుని ఆవిడ వైపు చూసింది. నేను ఇంక యుద్ధమే అనుకున్నాను. అత్త పోయి ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, "మా ఇంటి పద్ధతే గద వదినా! నాకు తెల్వకపాయె! నువ్వు మంచి గుండ్రాయి తీసినవు, నాకది కనవడనే లేదు!" అంది. వాచ్‌మన్ అటు తిరిగి భుజాలు ఎగరేస్తూ నవ్వుతున్నాడు. మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంది, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

చివాట్లు మాత్రం తప్పలేదు. మీ ఊళ్లల్లో రాళ్లే లేవా, మా రాళ్లే దొరికినయా అని మేడం అందరినీ కలిపి కడిగేసింది. మా చేతులతోనే మోయించి, ఎక్కడివక్కడ ఇసుక మీద పెట్టించింది. గేటు తీశారు. ఇంక పోవాలి. కానీ అత్త గేటు ముందు ఆగిపోయింది, కళ్లల్లో నిజంగానే నీళ్లు. "మళ్ల ముగ్గురమే అయితిమి. పని కాకముందే నాలుగో మనిషిని దింపితిమి. ఇగ ఈ సంబంధం గూడ అయ్యేది లేదు. నా కర్మ, వీని లగ్గం చూసే రాత నాకు లేదు" అంది. నవ్వుకుంటున్న నేను టక్కున ఆగిపోయాను. ఆమె రాళ్ల పిచ్చిలో ఉన్నదంతా నా మీద బెంగేనని నాకు అంతవరకు తట్టనే లేదు. అవతల వాళ్లమ్మ కూడా అట్లాగే దిగులుగా నిలబడింది. మేనమామ బొటనవేలు పట్టుకుని కూర్చున్నాడు, ఇంక పోదం అనడం లేదు. అప్పుడు పిల్ల మా మధ్యకు వచ్చి, అత్త భుజం మీద చెయ్యి వేసి, "గా రాళ్లెందుకు? మీరు ముగ్గురు, మేము ముగ్గురం. ఆరుగురం కలిసే పోదం పా, అత్తమ్మా" అంది.

పొద్దటి నుంచి ఆంటీ, ఆంటీ అన్న పిల్ల! నేను నిలబడ్డచోటే ఉలిక్కిపడ్డాను. నా జీవితంలో సంతోషంతో ఉలిక్కిపడటం అదే మొదలు. ఆరుగురం కలిసి గేటు దాటాం. నడిచేటప్పుడు పిల్ల నా పక్కకు వచ్చి, ఎవరికీ వినబడకుండా, "మీ జేబు సంగతి నాకు వంతెన మీదనే అనుమానమొచ్చింది. చెప్తరా చెప్పరా అని చూస్తున్న" అంది. పోలీసులనగానే చెరువు వైపు చూశాను అని కూడా చెప్పేశాను. "చూసిన. చెయ్యి వెనుకకు పోలేదు గద" అంది. లగ్గం వేసవి సెలవుల్లో అయింది. శకునాలత్త పందిట్లో కూర్చుని వచ్చినవాళ్లందరికీ ఆ రాళ్ల కథ తానే చెప్పింది, అందులో పోలీసులు కూడా వచ్చారని, తానే వాళ్లను వాపసు పంపానని కలిపి మరీ చెప్పింది.

నౌకరీ పర్మినెంట్ అయింది. ఉలికిపాటు కాస్త తగ్గింది, పూర్తిగా పోలేదు. మొన్న మా బిడ్డ ఆ పార్కు చూడాలని గోల చేస్తే ఆదివారం తీసుకుపోయాం. మా ఆవిడ, నేను, బిడ్డ. గేటు ముందు టికెట్లకు నిలబడ్డప్పుడు గాని గుర్తు రాలేదు, ముగ్గురం. నాకు ఇప్పటికీ అట్లాంటి నమ్మకాలు లేవు, పంచాయతీ ఆఫీసులో నలుగురికీ అదే చెబుతుంటాను. అయినా చెయ్యి ఊరుకోలేదు. రోడ్డు పక్కన వంగి (గేటు బయటే సుమా, లోపల ఆకు కూడా ముట్టుకోను) చిన్న రాయి ఒకటి ఏరి జేబులో వేసుకున్నాను. మా ఆవిడ చూసి నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. టికెట్లతను ఎంతమంది అని అడిగితే, నేను నోరు తెరిచేలోగా తానే "నలుగురం" అంది. బిడ్డ వేళ్లు లెక్కపెట్టుకుని, నా జేబు లాగుతూ, "డాడీ, నాలుగో మనిషి ఎవరు?" అని అడిగింది. శకునాలత్త పోయి రెండేళ్లయింది. "మా అత్త" అన్నాను. రాయి వంకరగా ఉంది, ఆమె ఉండి ఉంటే మంచిది ఏరుకోవడం కూడా చేతగాదా అని తిట్టేదే.